తగ్గిన అంకె

బీదర్ అంచున ఉన్న చిద్రిలో మహానంద చేసే రొట్టెలంటే తెలియనివాళ్లు తక్కువ. జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి, అరచేతి మొదలుతో గట్టిగా మర్దించి, పీట మీద తడుతూ తిప్పుతూ ఉంటే ఆ చప్పుడు పక్క సందు దాకా వినిపించేది. బస్టాండు వైపు హోటళ్లవాళ్లు ఆమె దగ్గరే రొట్టెలు కట్టించుకునేవాళ్లు. పెళ్లిళ్ల కాలంలో చేయి ఖాళీ ఉండేది కాదు. సాయానికి సక్కుబాయి అనే పిల్లను పెట్టుకుంది. పిల్ల అంటే పిల్ల కాదు, పెళ్లయి ఇద్దరు బిడ్డల తల్లి. అయినా మహానంద కన్నా బాగా చిన్నది, "అక్కా, అక్కా" అంటూ వెనకే తిరిగేది. ఒకరు తడుతుంటే ఒకరు కాల్చేవాళ్లు. పొగలో కళ్లు తుడుచుకుంటూ లోకంలోని ముచ్చట్లన్నీ చెప్పుకునేవాళ్లు.

మహానంద పుట్టింది బగ్దల్‌లో. ఊహ తెలియకముందే తల్లి పోయింది. అక్క తాయవ్వే జడలు వేసి, ముద్దలు కలిపి పెట్టి పెంచింది. తాయవ్వను హళ్ళిఖేడ్‌లో చెరకు రైతుకిచ్చి పెళ్లి చేస్తే, అత్తగారింటికి చెల్లెల్ని కూడా వెంటబెట్టుకుని పోయింది. అక్కడ పడ్డ మాటలన్నీ తనే పడింది, చెల్లెలి దాకా రానివ్వలేదు. ఆటో నడిపే శివరాజ్‌ని చూసి మహానందకు పెళ్లి చేసిందీ ఆమే. అందుకే అక్క చెప్పిన మాటను మహానంద ఏనాడూ కాదనలేదు. కాదనాలన్న ఆలోచనే రాలేదు.

కడుపు ఉబ్బరంగా ఉంటుంటే మొదట గ్యాస్ అనుకున్నారు. వాముతో, జీలకర్ర నీళ్లతో కొన్నాళ్లు గడిచింది. చివరికి బీదర్‌లో కడుపు స్కాను తీసిన డాక్టరు, ఆలస్యం చేయకుండా హైదరాబాదు పొమ్మన్నాడు. అండాశయంలో గడ్డ అని, అది మంచి గడ్డ కాదని అక్కడ తేలింది. ఆపరేషన్ చేశారు. తర్వాత కీమో ఇచ్చారు. ఇంట్లో అందరూ దాన్ని సూదులు అనే అన్నారు, ఆ మాటైతే కాస్త చిన్నగా వినిపిస్తుందని కాబోలు. నోరంతా పుండయింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా దిండు మీద రాలిపోయింది. రొట్టెల పొయ్యి చాన్నాళ్లు చల్లబడే ఉంది.

సూదులు అయిపోయినరోజు డాక్టరమ్మ ఎదురుగా కూచోబెట్టుకుని నిదానంగా చెప్పింది.

"ఇప్పటికి రోగం కనిపించడం లేదమ్మా. కానీ తిరిగి రావచ్చు. రక్తంలో ఒక పరీక్ష ఉంది. రోగం మళ్లీ మొదలైతే సాధారణంగా ఆ అంకె పెరుగుతుంది. ముప్పై అయిదు దాటకూడదు. మీ ఊళ్లోనే చేయించి ఫోనులో పంపండి. అవసరమైతే నేనే పిలుస్తాను."

అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ అంకే పెత్తనం చేసింది. పరీక్ష దగ్గర పడుతుంటే మహానందకు అన్నం సహించేది కాదు. మొదటిసారి పన్నెండు వచ్చింది. రెండోసారి ఇరవై. మూడోసారి ముప్పైకి చేరింది. ఇంకా హద్దు లోపలే ఉందని, అయినా పెరుగుతోంది కాబట్టి త్వరలో మళ్లీ చేయించమని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ఆ ఫోను పెట్టేశాక శివరాజ్ ఆటో బయటికి తీయలేదు. గుమ్మంలో కూచుని చక్రాలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆ సంగతి తెలిసి తాయవ్వ హళ్ళిఖేడ్ నుంచి పొద్దుటి బస్సుకే వచ్చింది. సంచిలోంచి తెల్లటి డబ్బా ఒకటి, మాత్రల సీసా ఒకటి తీసింది.

"ఈ మందు అమ్మెటోళ్లు హుమ్నాబాద్‌ల మీటింగ్ పెట్టిండ్రు. నేనే పోయి కూసున్న. ఒకామెకు నీ బీమారే ఉండెనంట. ఇది తాగి బాగైందని మైకుల చెప్పింది," అంది. "పొడి వేడినీళ్లల్ల కలుపుకొని పొద్దుగాల, మాపటికి తాగాలె. దానితోని ఒక గోలి. ఖూన్ సాఫ్ అయితది, జుట్టు సుత వస్తది."

"డాక్టరమ్మకు చెప్పాలెనా అక్కా?" అని అడిగింది మహానంద.

"చెప్తే వద్దంటరు. వాళ్లకు వాళ్ల సూదులే నడవాలె కదా. ఇది ఆకులు, వేర్ల మందు. దీంతోని నష్టమేముంటది?"

శివరాజ్ ఏదో అనబోయి, తాయవ్వ ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె స్వయంగా నీళ్లు కాచి, పొడి కలిపి, వేలితో వేడి చూసి గ్లాసు అందించింది. చిన్నప్పుడు జ్వరమొస్తే కషాయం పట్టించినట్టే ఉంది మహానందకు. వగరుగా ఉన్నా గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

కొన్ని వారాలు గడిచాయి. బోడినెత్తి మీద మెత్తగా ఉంగరాల జుట్టు మొలిచింది. సూదులు ఆపాక జుట్టు దానంతటదే వస్తుందని ఆస్పత్రిలో చెప్పిన మాట ఎవరికీ గుర్తు రాలేదు. మందు పని చేస్తోందన్నారు. పరీక్ష రోజు పొద్దున కూడా పొడి తాగి, గోలీ వేసుకుని, శివరాజ్ ఆటోలోనే ల్యాబుకు పోయి రక్తం ఇచ్చి వచ్చింది. సాయంత్రం కాగితం తీసుకొచ్చిన శివరాజ్ గుమ్మం దాటకుండానే నిలబడ్డాడు. 

"ఎంతొచ్చింది?" అంది మహానంద.

"ఎనిమిది."

ఆమె నమ్మలేక కాగితం లాక్కుని చూసుకుంది. ఎనిమిదే. ఫోనులో పంపితే ఆస్పత్రినుంచి చాలా బాగుందని జవాబొచ్చింది. ఇక మామూలు గడువుకే పరీక్ష చేయిస్తే చాలన్నారు. తాయవ్వకు ఫోను చేస్తే ఆవిడ అటువైపు ఏడ్చింది. మర్నాడు మహానంద పొయ్యి అలికి రొట్టెలు మొదలుపెట్టింది. చేతుల్లో నిజంగానే బలం వచ్చినట్టు తోచింది. సందులోవాళ్లు వచ్చి అడిగితే దాచకుండా అందరికీ చెప్పింది. డబ్బా చూపించింది. ఆ తర్వాతిసారీ అంకె తక్కువే వచ్చింది.

ఆ రోజుల్లోనే సక్కుబాయి రొమ్ములో గడ్డ తగిలిందని, ఎవరికీ చెప్పుకోలేక మహానందకే చూపించింది. మహానంద ఆమెను కసిరి, భర్త సంజును పిలిచి, ఇద్దరినీ హైదరాబాదు పంపింది. సంజు ఇళ్లకు రంగులు వేస్తాడు, పెద్దగా లోకం తెలియనివాడు. గడ్డ చిన్నగా ఉండగానే వచ్చారని, సూదులిచ్చి ఆపరేషన్ చేస్తే బాగయ్యే అవకాశం ఎక్కువని అక్కడ చెప్పారు. సక్కుబాయి రెండు సూదులు చేయించుకుంది. రెండోదాని తర్వాత వాంతులతో నీరసించి, పొయ్యి పక్కనే చాప మీద ముడుచుకు పడుకుంది.

"అక్కా, నాతోని కాదు. గీ సూదులు నన్ను చంపుతయి. నువ్వు తాగే మందు నేను సుత తాగుతా."

"తాగు. ఇస్త," అంది మహానంద. లేచి తన డబ్బాలోంచే సగం పొడి వేరే సీసాలో పోసి ఇచ్చింది.

సక్కుబాయి ఆ సీసాను ఒళ్లో పెట్టుకుంది. "ఇది తాగితే సూదులు అక్కెర లేదా అక్కా?" అని అడిగింది.

పెనం మీద రొట్టె మాడుతోంది. మహానంద దాన్ని తిప్పుతూ అంది, "నాకైతే ఇదే బాగు చేసింది."

సూదులు మానేయమని ఆమె చెప్పలేదు. మానొద్దని కూడా చెప్పలేదు. సక్కుబాయి మళ్లీ హైదరాబాదు పోలేదు.

ఎండలు ముదిరేసరికి మహానందకు చీర కుచ్చిళ్ల దగ్గర బిగుతయింది. ఒళ్లు చేస్తున్నానని నవ్వుకుంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. పడుకుంటే ఆయాసం వచ్చేది. ఈ లక్షణాలన్నీ ఆమెకు తెలిసినవే, ఒకసారి అనుభవించినవే. ఎప్పుడైనా మనసు ఉలిక్కిపడితే, కాగితం మీది అంకె గుర్తు చేసుకుని సర్దిచెప్పుకునేది. మళ్లీ పరీక్ష చేయించింది. తొమ్మిది వచ్చింది.

"అంకె మంచిగనే ఉంది కదా. ఇంకెందుకు ఫికర్?" అని శివరాజ్‌తో అంది.

శివరాజ్ మాత్రం ఆమె కాళ్ల వాపు చూస్తున్నాడు. ఒకరోజు బట్టలు సంచిలో పెట్టి, ఆమెను రైలెక్కించి హైదరాబాదు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ పొట్ట మీద చేయి వేసి తట్టి చూసింది. ముఖం మారింది. కాగితం మీది తొమ్మిదిని చూసి, మళ్లీ పొట్టను చూసి, ఆ రోజే స్కాను తీయించింది. కడుపు నిండా నీరు చేరింది. లోపలి పొరల మీద, కాలేయం పక్కన, చాలాచోట్ల గడ్డలు పెరిగాయి.

"ఇంత రోగం ఉండగా ఈ అంకె ఇంత తక్కువ రావడం నాకు అర్థం కావడం లేదు. మొదటిసారి మీకు రోగం ఉన్నప్పుడు అంకె బాగా ఎక్కువే ఉంది," అందామె. "బయటి మందులు ఏవైనా వాడుతున్నారా?"

మహానంద తల అడ్డంగా ఊపింది. ఈ ప్రశ్న అంతకుముందు ఫోనులో అడిగినప్పుడూ లేదనే చెప్పింది. అక్కను పట్టిచ్చినట్టవుతుందని ఆమె భయం. శివరాజ్ ఒక్క క్షణం ఆమె వైపు చూసి, సంచిలోంచి డబ్బా, మాత్రల సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరమ్మ సీసా మీది సన్నటి అక్షరాలు కిటికీ వెలుగులో పెట్టి చదివింది. చదివాక కుర్చీలో వెనక్కి వాలింది. ఆమెకు కోపం రాలేదు. కోపమొస్తే బాగుండేదని మహానందకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

"ఇందులో బయోటిన్ అని ఒక విటమిన్ ఉందమ్మా. జుట్టు కోసం వాడతారు. దీంట్లో చాలా ఎక్కువ మోతాదు ఉంది. రక్తం పరీక్ష చేసే కొన్ని యంత్రాలు ఇదే బయోటిన్‌ని వాడుకుని లెక్క చూస్తాయి. మీ రక్తంలో అది ఎక్కువగా ఉంటే యంత్రం పొరబడుతుంది. ఉన్నదాన్ని లేనట్టు చూపిస్తుంది. రోగం తగ్గలేదు. అంకె మాత్రమే తగ్గింది."

"అంటే ఎప్పటినుంచి పెరుగుతాంది?" అని శివరాజ్ అడిగాడు.

"ముప్పై వచ్చిందే, అప్పటికే మొదలై ఉండొచ్చు. నిర్ధారించుకుందాం. ఇవన్నీ ఆపేసి వారం తర్వాత మళ్లీ రక్తం ఇవ్వండి."

"అప్పుడే తెలిస్తే బతుకుదునా అమ్మా?" అంది మహానంద.

డాక్టరమ్మ సీసా పక్కకు పెట్టింది. "పూర్తిగా పోతుందని అప్పుడూ చెప్పేదాన్ని కాదు," అంది. "కానీ మీకు ఇంకొంత కాలం దొరికేది. ఇప్పుడు చేయగలిగింది తక్కువ."

వారం తర్వాత వచ్చిన అంకె పన్నెండు వందలు దాటింది.

తిరిగొచ్చే రైల్లో శివరాజ్ ఆమెను కిటికీ పక్కన కూచోబెట్టాడు. కడుపులో నీరు తీయడం వల్ల మహానందకు ఒళ్లు తేలికగా ఉంది, ఊపిరి బాగా ఆడుతోంది. ఆ తేలికతనానికే ఆమెకు భయం వేసింది. జహీరాబాద్ దాటాక ఆమెకు సక్కుబాయి గుర్తొచ్చింది. కొంగు భుజాల చుట్టూ బిగించి కప్పుకుంది. చలేస్తోందా అని శివరాజ్ అడిగాడు. లేదంది. 

ఇంటికొచ్చేసరికి తాయవ్వ ఎదురుచూస్తూ ఉంది. మహానంద ఆమె పక్కన కూచుని, డాక్టరమ్మ చెప్పినదంతా తనకు అర్థమైనంత చెప్పింది. తాయవ్వ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. విని, చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"మందు తాగినన్ని దినాలు అంకె ఎంతుండె?"

"ఎనిమిది. తొమ్మిది."

"మందు ఇడిసిపెట్టినంక?"

"పన్నెండు వందల మీద."

"వారంల గంత పెరిగింది. నీకు సమజైతలేదా? మందు ఆపినవ్, బీమారి లేచింది. వాళ్లే ఆపించిండ్రు. పైగ మందుదే తప్పంటుండ్రు." తాయవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నిన్ను చేతుల మీద పెంచిన నేను, నీకు విషం ఇస్తనా?"

మహానంద అక్క ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఎక్కడా మోసం లేదు. యంత్రం సంగతి, విటమిన్ సంగతి మళ్లీ చెప్పబోయింది. కానీ తన నోట వస్తున్న మాటలు తనకే బలహీనంగా వినిపించాయి. తాగితే తగ్గింది, ఆపితే పెరిగింది. కళ్లకు కనిపించేది అదే. నిజాన్ని తేల్చడానికి చేసిన పరీక్షే అబద్ధానికి సాక్ష్యమైపోయింది. పైగా, ఈ అక్కను నమ్మించడమంటే చెల్లెలి కాలాన్ని నువ్వే మింగేశావని చెప్పడం. మహానంద ఆ పూటకు నోరు మూసుకుంది.

సక్కుబాయి దగ్గర మాత్రం ఊరుకోకూడదనుకుంది. మర్నాడు శివరాజ్ చెయ్యి పట్టుకుని రెండు సందులవతల ఉన్న ఆ ఇంటికి నడిచింది. సక్కుబాయి మంచం మీద కూచుని బియ్యం ఏరుతోంది. పైట కింద పాత బట్ట మడతపెట్టి కట్టుకుంది. దగ్గరికి వెళ్తే పుండు వాసన తగిలింది.

"సక్కూ, ఆ మందు ఆపెయ్యి. రేపే హైదరాబాద్ పో. నేను సుత వస్త నీ ఎంబడి."

సక్కుబాయి నవ్వింది. "తాయవ్వక్క చెప్పింది. నువ్వు మందు ఆపినవంట, మళ్ల పెరిగిందంట. నాకు గా తప్పు చెయ్యమంటున్నవా?"

"పెరగలే సక్కూ. పెరిగే ఉండె. అంకె తప్పు చూపించింది."

"ఎనిమిది వచ్చిననాడు నువ్వు దూద్ పేడా నా నోట్ల పెట్టినవ్. అప్పుడు అంకె తప్పు కాదు, ఇప్పుడు తప్పా?"

మహానంద మంచం పట్టె పట్టుకుని కింద కూలబడింది. కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. సక్కుబాయి కంగారుపడి ఆమెను లేపి, మంచినీళ్లు తాగించి, "నీకు తబియత్ బాగలేదు, అందుకే గిట్ల మాట్లాడుతున్నవ్" అని బుజ్జగించింది. సంజు పనికిపోయి ఉన్నాడు. ఇంకో రెండుసార్లు వెళ్లినా సక్కుబాయి మాట మారలేదు. ఆఖరుకు ఊపిరాడక రక్తం కక్కుకుంటే సంజు ఆమెను హైదరాబాదు తీసుకుపోయాడు. ఊపిరితిత్తులకు పాకిందని, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి పంపారు. వానలు పడకముందే పోయింది.

అప్పటికి మహానందకు మళ్లీ సూదులు పెడుతున్నారు. అవి పనిచేయడం లేదు. సక్కుబాయిని తీసుకుపోతున్న రోజు లేవలేక, డప్పు చప్పుడు సందు మలుపు తిరిగి సన్నబడే దాకా గోడవైపు తిరిగి పడుకుంది.

కర్మలన్నీ అయిపోయాక సంజు వచ్చాడు. గడ్డం మాసి ఉంది, గోళ్లలో పాత రంగు అలాగే ఉంది. గుమ్మం లోపల గొంతుక్కూర్చుని, మహానందకు రెండు చేతులూ జోడించాడు.

"దానికి నువ్వు తల్లి లెక్క చూసినవక్కా. నీ మందు ఆఖరి దాక తాగింది. మేమే ఆలస్యం చేసినం. ఆ రెండు సూదులు ఏపియ్యక మొదట్నుంచే తాపిస్తే బతుకుతుండె."

మహానంద కళ్లు మూసుకుంది. ఇంట్లో తాయవ్వ అన్నం వారుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఈ నమ్మకంతోనే అతన్ని పంపేస్తే, ఏదో దురదృష్టమనుకుని బతుకుతాడు. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటాడు. ఆమె అదే చేయాలనుకుంది. కానీ సంజు ఇంకో మాట అన్నాడు.

"మా వదినకు సుత రొమ్ముల గడ్డ తగులుతుందంటుంది. నీ దగ్గర ఆ పొడి ఇంకేమన్న మిగిలిందా అక్కా?"

మహానంద దిండుకు ఆనుకుని లేచి కూచుంది. ఆయాసం తీరేదాకా ఆగింది.

"పొడి లేదు సంజూ. ఉన్నా ఇయ్యను. దాంట్ల ఏం లేదు. నాకు బాగు కాలేదు, కాయితం తప్పు చూపెట్టింది, గంతే. సక్కు సూదులు ఆపకపోతే బతుకుతుండెనేమో. డాక్టర్లు అదే చెప్పిండ్రు కదా మొదట, చిన్నగున్నది, బాగైతదని. మీ వదినను దవాఖానకు తీస్కపో. ఇయ్యాల్నే తీస్కపో."

 జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో సంజుకు తెలియలేదు. "బతుకుతుండెనా?" అన్నాడు మెల్లగా. మహానంద తల ఊపింది. అతను లేచాడు. తాయవ్వ తెచ్చిన చాయ్ వైపు చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా సందులోకి వెళ్లిపోయాడు. తాయవ్వ చాయ్ కప్పుతో గడప దగ్గరే నిలబడిపోయింది. ఆమె అంతా విన్నది.  ఆ పూట ఆమె అన్నం తినలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మందు పేరు ఎవరూ ఎత్తలేదు. అక్క ఏం నమ్మిందో, ఏం నమ్మలేదో మహానంద అడగలేదు. రాత్రిళ్లు చెల్లెలి కాళ్లు ఒత్తుతూ తాయవ్వ ఒక్కోసారి చేతులు ఆపేసేది, మళ్లీ ఒత్తేది.

సంజు మళ్లీ రాలేదు. వాన తెరిపిచ్చిన ఒకరోజు మహానంద పట్టుబట్టి శివరాజ్ చేత ఆటోలో పడుకోబెట్టించుకుని అతని ఇంటికి పోయింది. వాళ్ల వదిన దవాఖానకు పోయిందో లేదో, అది ఒక్కటి అడగాలనుకుంది. తలుపుకు తాళం ఉంది. పిల్లల్ని అత్తగారి ఊళ్లో విడిచి, పని వెతుక్కుంటూ పుణె వైపు పోయాడని పక్కింటామె చెప్పింది. వదినది ఏ ఊరో ఆమెకు తెలియదు. అసలు వదిన ఉందని కూడా తెలియదట.

"ఇంక పోదమా?" అన్నాడు శివరాజ్.

మహానంద కాసేపు ఆ తాళం వైపే చూసింది. తర్వాత సరేనన్నట్టు కళ్లు వాల్చింది. అతను ఆటో మెల్లగా వెనక్కి తిప్పాడు.